చివరి అక్షరం దాకా

నటుడి గొంతు పెద్దదా చిన్నదా అని ప్రేక్షకుడు కొలవడు. వాక్యం పూర్తయ్యేదాకా ఆ గొంతు నిలబడిందా లేదా అన్నదే అతనికి కావాలి. పద్యనాటకం నుంచి డబ్బింగ్ థియేటర్ దాకా తెలుగు వాచికం ఏం నేర్చుకుంది, ఏం పోగొట్టుకుంది?

పరిషత్తు నాటకానికి వెళ్లి వెనక వరసల్లో కూర్చోండి. వేదిక మీద అన్నదమ్ములిద్దరు గొడవపడుతుంటారు. పెద్దవాడు ‘ఆ ఇంటికి నేను రా...’ అంటాడు. అక్కడితో గొంతు నేలకు జారిపోతుంది. రాను అన్నాడా, రానా అన్నాడా, రాలేను అన్నాడా? పక్కన కూర్చున్నాయన్ని అడిగితే ఆయనకూ వినిపించలేదంటాడు. ‘ఆ ఇంటికి’ అన్న మాట హాలంతా మోగింది. కథ మలుపు తిరగాల్సిన మాట మాత్రం నటుడి నోట్లోనే ఉండిపోయింది.

ఇది ఒక్క నటుడి పొరపాటు అనుకోవడానికి లేదు. మన వాక్యం నడకే అలాంటిది. తెలుగులో క్రియ చివర వస్తుంది. కాదనడం చివర వస్తుంది. అడగడమూ చివరే. వెళ్లాడు, వెళ్లాడా, వెళ్లాడే, వెళ్లాడో, వెళ్లాడట, వెళ్లాడుగా... ఆఖరి అక్షరం దగ్గర జరిగే చిన్న మార్పుతో అదే మాట కబురవుతుంది, ప్రశ్నవుతుంది, బెంగవుతుంది, అనుమానమవుతుంది, ఊరి పుకారవుతుంది, దెప్పిపొడుపవుతుంది. మనిషి ఊపిరి దీనికి సరిగ్గా ఎదురు నడుస్తుంది. వాక్యం మొదట్లో నిండుగా ఉంటుంది, చివరికి వచ్చేసరికి తరిగిపోతుంది. జీతాన్ని మొదటి వారంలోనే ఖర్చుపెట్టేసినట్టు చాలామంది నటులు ఉన్న ఊపిరంతా మొదటి రెండు మాటల మీదే పెట్టేస్తారు. అర్థం వచ్చి నిలబడే చోట వాళ్ల దగ్గర ఏమీ మిగలదు.

‘వాయిస్ ఎలా ఉండాలి’ అని నటనకు వచ్చే కుర్రవాళ్లు అడుగుతుంటారు. బేస్ వాయిస్ కావాలంటారు, మాడ్యులేషన్ నేర్పమంటారు. ఆ రెండిటికన్నా ముందు నేర్చుకోవలసింది వాక్యాన్ని చివరిదాకా మోసుకెళ్లడం. మన పాత రంగస్థలానికి ఈ విద్య బాగా తెలుసు. ఆ రంగస్థలాన్ని పాతబడిందని పక్కన పెట్టినప్పుడు ఆ విద్యనూ దానితోపాటే వదిలేశాం.

గొంతులో జరిగేది

స్వరపేటికలో రెండు స్వరతంత్రులు ఉంటాయి. ఊపిరితిత్తుల నుంచి గాలి పైకి వస్తూ వాటిని కంపింపజేస్తుంది. మామూలుగా మాట్లాడేటప్పుడు మగవాళ్లలో సెకనుకు సుమారు 110 సార్లు, ఆడవాళ్లలో సుమారు 200 సార్లు అవి దగ్గరికొచ్చి విడిపోతుంటాయి. పురుషుడు ఒక స్వరాన్ని నిమిషం పాటు ఆపకుండా నిలిపాడనుకుంటే ఆ రెండు సన్నటి మడతలూ 6,600 సార్లు ఒకదాన్నొకటి తాకుతాయన్నమాట. అరిచినప్పుడు ఆ తాకిడి ఇంకా బలంగా ఉంటుంది.

తంత్రుల దగ్గర పుట్టే శబ్దం చాలా పల్చన. గొంతు, నోరు, ముక్కు దాటి బయటికి వచ్చేలోపు ఆ ఖాళీలు దానికి రంగు, మోత ఇస్తాయి. తర్ఫీదు పొందిన గాయకుల గొంతులో 3,000 హెర్ట్జ్ పరిసరాల్లో ఒక ప్రత్యేకమైన మెరుపు ఉంటుందని స్వరశాస్త్రజ్ఞులు కొలిచి చెప్పారు. మనిషి చెవి బాగా పదునుగా వినేది కూడా ఆ ప్రాంతంలోనే. అందుకే నిండు వాద్యబృందం వెనక మోగుతున్నా ఒక్క గొంతు దాన్ని దాటి వినిపించగలదు. బలం పెంచడం వల్ల వచ్చే ఫలితం కాదది. గొంతు బిగించకుండా, నోటిని తెరిచి, గాలిని స్థిరంగా పంపడం వల్ల వచ్చేది.

ఊపిరి ఎక్కడ తీసుకోవాలన్నది ఇక్కడే తేలుతుంది. భయపడినవాడు భుజాలు ఎగరేసి ఛాతీ పైభాగంతో గాలి పీలుస్తాడు. అప్పుడు మెడ కండరాలు బిగుస్తాయి, గొంతు ఇరుకవుతుంది. పొట్ట ముందుకు వచ్చేలా, పక్కటెముకలు పక్కలకు విచ్చుకునేలా ఊపిరి తీసుకుంటే డయాఫ్రం కిందికి దిగి గాలికి చోటిస్తుంది. గాలిని ఎంత పీల్చామన్నదానికన్నా ఎంత నిదానంగా వదిలామన్నదే నటుడికి ముఖ్యం.

భరతుడు నాట్యశాస్త్రంలో వాక్కును నాట్యానికి శరీరమన్నాడు. నటుడు దాని మీద శ్రద్ధ పెట్టి తీరాలన్నాడు. స్వరానికి ఉరస్సు, కంఠం, శిరస్సు అని మూడు స్థానాలు చెప్పి, వాటిని దూరంతో ముడిపెట్టాడు. పక్కనున్నవాడితో ఉరస్సు నుంచి, కాస్త దూరంలో ఉన్నవాడితో కంఠం నుంచి, బాగా దూరాన ఉన్నవాడితో శిరస్సు నుంచి మాట్లాడాలి. కాకువును, అంటే భావాన్నిబట్టి గొంతులో వచ్చే మార్పును కూడా రెండు రకాలు చేశాడు. ఇంకా చెప్పవలసింది మిగిలి ఉన్నప్పటి పలుకు సాకాంక్షం, చెప్పడం పూర్తయినప్పటి పలుకు నిరాకాంక్షం. ఈ ఒక్క విభజన మనసుకు పట్టిన నటుడు కామా దగ్గర గొంతు దించడు. వాక్యం ఇంకా మిగిలే ఉందని స్వరంతోనే చెప్తాడు. ఇవాళ టీవీ సీరియళ్లలో ప్రతి మూడు మాటలకూ గొంతు కింద పడేసి, మళ్లీ ఎత్తి, మళ్లీ పడేసే పలుకు వింటుంటే భరతుడు చెప్పింది ఎంత అవసరమైన మాటో తెలుస్తుంది.

పద్యం నేర్పిన ఊపిరి

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21, మత్తేభంలో 20, శార్దూలంలో 19. సీసం సంగతి ఇంకా పెద్దది. పాదానికి ఆరు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. అలాంటివి నాలుగు పాదాలు, వాటి కింద ఒక తేటగీతో ఆటవెలదో. ఇవన్నీ మైకు లేని పందిట్లో, వేలమంది ముందు, పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, హార్మోనియం శ్రుతికి తగ్గకుండా పాడాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం సత్యహరిశ్చంద్ర ఆడిన నటులు చేసింది ఇదే. రాత్రి మొదలైన నాటకం తెల్లవారేదాకా నడిచేది. మర్నాడు ఇంకో ఊళ్లో మళ్లీ అదే.

పద్యనాటకాన్ని ఎగతాళి చేసినవాళ్లు అందరూ పట్టుకున్నది రాగాలాపననే. పద్యం అయిపోయాక ఆఖరి అచ్చును పట్టుకుని నటుడు ఎంతసేపు సాగదీస్తే అన్ని చప్పట్లు, అన్ని వన్స్‌మోర్‌లు. ఆ విమర్శలో నిజం ఉంది. యుద్ధం ఆపడానికి వచ్చిన కృష్ణుడు రాయబారం మరిచిపోయి రాగం తీస్తుంటే నాటకం ఆగిపోతుంది, సందేహం లేదు. కానీ ఆ అలవాటు వెనకున్న శరీర శిక్షణను ఎవరూ పట్టించుకోలేదు. పద్యం చివరి అక్షరం దగ్గర రాగం తీయాలంటే అక్కడికి చేరేసరికి నటుడి దగ్గర ఊపిరి మిగిలి ఉండాలి. మొదటి అక్షరం పలుకుతున్నప్పుడే ఆఖరి అక్షరానికి గాలి దాచుకోవాలి. షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి, ఏ.వి. సుబ్బారావు వంటివారు ఏళ్ల తరబడి చేసింది ఈ సాధనే. వచనం మాట్లాడేటప్పుడు కూడా వాళ్లకు వాక్యాంతం జారదు.

పద్యాన్ని ఎక్కడ విరవాలన్నది ఇంకో చదువు. యతి దగ్గర ఆగితే ఛందస్సు వినిపిస్తుంది, అర్థం చెదిరిపోతుంది. పాదాంతంలో ఆగితే సగం మాట ఈ పాదంలో, సగం మాట కింది పాదంలో ఉండిపోతుంది. మంచి నటుడు అర్థం ఆగిన చోట ఆగుతాడు, పాదం విరిగిన చోట ఊపిరి పట్టుకుని దాటేస్తాడు. సత్యహరిశ్చంద్ర కాటిసీను వినండి. జాషువా శ్మశానవాటి పద్యాలను నటులు ఆ సన్నివేశంలోకి తెచ్చుకున్నారు. డి.వి. సుబ్బారావు పేరు చెబితే ఇవాళ్టికీ కాటిసీనే గుర్తొస్తుంది. శ్మశానంలో ఒంటరిగా ఉన్న మనిషి తనలో తాను మాట్లాడుకోవాలి. ఆ తనలో తాను అనుకున్నది పందిరి చివర చాప వేసుకుని కూర్చున్న ముసలావిడకు అందాలి. గొంతు తగ్గించి దూరం వెళ్లడం ఎలాగో నేర్పడానికి తెలుగులో ఇంతకన్నా మంచి పాఠం నాకు కనిపించలేదు.

పద్యం లేకుండా ఆ పని చేసి చూపించినవాడు బళ్లారి రాఘవ. 1880లో పుట్టి 1946లో పోయిన ఈ లాయరు పాటల జోరు మధ్య మాటకు విలువ తెచ్చాడు. కోలాచలం శ్రీనివాసరావు రాసిన విజయనగర సామ్రాజ్య పతనంలో పఠాన్ రుస్తుం పాత్ర ఆయనకు పేరు తెచ్చింది. పాడకపోయినా జనం వింటారని, మనిషి మనిషితో మాట్లాడినట్టే మాట్లాడి హాలును పట్టుకోవచ్చని ఆయన నమ్మాడు.

ఇంకోవైపు స్థానం నరసింహారావు. 1902లో బాపట్లలో పుట్టిన ఆయన సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా జనాన్ని మైమరపించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడు ఆడపాత్ర వేస్తే గొంతు సన్నం చేయాలని అందరూ అనుకుంటారు. సన్నం చేసిన గొంతు రెండు నిమిషాలకు వెటకారంగా వినిపిస్తుంది. మాట ఎత్తుకునే మెత్తదనం, వాక్యం మధ్య ఆగడంలో ఉండే సంకోచం, అలిగినప్పుడు అక్షరాల మధ్య పెరిగే దూరం, వీటితో పాత్ర పుడుతుంది. గొంతు మార్చడం, మాట్లాడే మనిషిని మార్చడం ఒకటి కావు.

సురభివాళ్లది వేరే దారి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస కుటుంబం కీచకవధతో మొదలుపెట్టిన ఆ పరంపరలో ఆడపాత్రలు ఆడవాళ్లే వేశారు. నడక రాని పిల్లలు తెర వెనక ఊయలలో నిద్రపోతూ డైలాగులు విన్నారు. వాళ్లకు వాచికం పాఠంగా రాలేదు, ఇంట్లో మాట్లాడే భాషతో పాటే వచ్చింది. తొలి తెలుగు టాకీ భక్తప్రహ్లాద 1932లో విడుదలైనప్పుడు లీలావతి పాత్రలో తెర మీద మాట్లాడిన సురభి కమలాబాయి ఆ ఇంటి ఆడపిల్లే.

ముఖం లేని నటన

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ స్టేషనూ, హైదరాబాదూ కలిసి కొన్ని దశాబ్దాల పాటు తెలుగువాళ్లకు చెవితో నాటకం చూడడం నేర్పాయి. రేడియో స్టూడియోలో వేషం లేదు, వెలుగు లేదు, చేతులు తిప్పినా ఎవరికీ కనిపించదు. ఒక మైకు చుట్టూ నలుగురు నిలబడి, చేతుల్లో కాగితాలు చప్పుడు చేయకుండా తిప్పుకుంటూ ఒక ఇంటిని, ఒక వీధిని, ఒక అడవిని కట్టాలి. మైకుకు దగ్గరగా జరిగితే మనసులో మాట. వెనక్కి వెళ్తే పక్కగది. తల పక్కకు తిప్పితే గుమ్మం దాటుతున్న మనిషి. చలం రాసిన పురూరవలో శారదా శ్రీనివాసన్ ఊర్వశిగా మాట్లాడినప్పుడు విన్నవాళ్లు ఎవరి ఊర్వశిని వాళ్లు చూసుకున్నారు. ఆమె గొంతులో మాటల మధ్య వినిపించే ఊపిరి కూడా ఆ పాత్రదే.

రేడియో ఇంకొక సంగతి తేల్చింది. పండ్లు బిగించి కోపం చూపే నటుడి కోపం రేడియోలో వినపడదు. నవ్వుతూ మాట్లాడితే మాత్రం నవ్వు వినిపిస్తుంది. పెదవులు విచ్చుకోగానే నోటి ఆకారం మారి అచ్చుల రంగు మారుతుంది కనుక. ఆ రోజుల్లో సంక్షిప్త శబ్దచిత్రం అని సినిమా సౌండ్‌ట్రాకును కుదించి ప్రసారం చేసేవారు. తెర లేని సినిమాను ఊళ్లకు ఊళ్లు కూర్చుని విన్నాయి. ఆ పరీక్షలో నెగ్గిన నటులెవరో, మొహం అందంతో నెట్టుకొచ్చినవాళ్లెవరో అప్పుడే తెలిసిపోయేది.

ఆకాశవాణి సినిమాకు ఇచ్చిన పెద్ద బహుమతి కొంగర జగ్గయ్య. ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివిన మనిషి ఆయన. కంచుకంఠం అని పేరు పెట్టి అందరూ ఆయన గొంతు బరువు గురించే మాట్లాడతారు. నేను వినమనేది ఆయన వాక్యాల చివర్లు. వార్త చదివేవాడు క్రియను మింగితే వార్తే ఉండదు. ఒప్పుకున్నారో ఒప్పుకోలేదో తెలియకపోతే దేశం కబురు తారుమారవుతుంది. ఆ క్రమశిక్షణ ఆయన సినిమా డైలాగుల్లో కూడా చెక్కుచెదరలేదు. శివాజీ గణేశన్‌కు తెలుగులో ఆయనే గొంతు ఇచ్చారు. తమిళంలో వాక్చాతుర్యానికి పెట్టింది పేరైన నటుడి ముఖం మీద ఇంకొకరి గొంతు అతకడం చిన్న విషయం కాదు.

తెర మీద ఐదుగురు

ఎస్.వి. రంగారావు కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో నలిగి వచ్చారు. పాతాళభైరవి (1951)లో మాంత్రికుడు, మాయాబజార్ (1957)లో ఘటోత్కచుడు, నర్తనశాల (1963)లో కీచకుడు. ముగ్గురూ భీకరులే, ముగ్గురి పలుకులూ వేరు. మాంత్రికుడు మాటను నాలుక మీద తిప్పుతాడు, అచ్చులను సాగదీసి ఉన్నట్టుండి తుంచేస్తాడు. ఘటోత్కచుడి పలుకులో పసిపిల్లాడి సంబరం ఉంది. కీచకుడి గొంతులో మత్తు ఉంది, తన మాటకు తనే మురిసిపోయే మత్తు. అంత దేహం ఉన్న నటుడు అరవడానికి తొందరపడలేదు. అరవగలడని ప్రేక్షకుడికి తెలిస్తే చాలునని ఆయనకు తెలుసు.

దానవీరశూరకర్ణ (1977)లో ఎన్.టి. రామారావు కర్ణుడు, సుయోధనుడు, కృష్ణుడు మూడు పాత్రలూ వేసి దర్శకత్వమూ చేశారు. కొండవీటి వెంకటకవి రాసిన సంస్కృత సమాసాల సంభాషణలు. సుయోధనుడి సభ సన్నివేశం తెలుగునాట పిల్లలు కంఠతా పట్టి పోటీల్లో చెప్పేదయింది. అందులో చాలామంది పిల్లలు అనుకరించేది ఆ గొంతు బిగువును. అసలు రహస్యం ఊపిరి లెక్కలో ఉంది. ఎక్కడ గాలి పీల్చారో తెలియనివ్వకుండా ఒక్కో ప్రశ్నను ముందుదానికన్నా ఒక మెట్టు పైన మొదలుపెడతారు. మొదటి ప్రశ్ననే శిఖరం మీద మొదలుపెట్టి ఉంటే ఆరో ప్రశ్నకు వెళ్లడానికి చోటుండేది కాదు. కోపం సన్నివేశాల్లో కొత్త నటులు ఎక్కువగా చిక్కుకునేది అక్కడే. మొదటి మాటకే కేకేస్తారు, ఆ తర్వాత అరుపు అంతా ఒకే గోడ అయిపోతుంది.

మరి మెల్లగా మాట్లాడి భయపెట్టడం? ముత్యాలముగ్గు (1975)లో రావు గోపాలరావు. బాపు సినిమా, ముళ్లపూడి వెంకటరమణ మాటలు. ఆ కాంట్రాక్టరు గొంతు ఎత్తడు. తీరిగ్గా, మర్యాదగా, గోదావరి యాసలో పలకరింపులాగే మాట్లాడతాడు. ఘోరమైన మాటను కూడా భోజనానికి రమ్మన్న తీరులో అంటాడు. విలన్ అంటే గర్జించాలన్న అప్పటి అలవాటును ఆ ఒక్క పాత్ర పగలగొట్టింది.

సూర్యకాంతం వేగం ఇంకొక అద్భుతం. ఆ ధాటిలో కూడా ఒత్తులు, దీర్ఘాలు ఒక్కటీ పోలేదు. వేగంగా మాట్లాడేవాళ్లు హల్లులను పట్టుకుని అచ్చులను వదిలేస్తారు. మాటకు మోత ఇచ్చేది అచ్చు, మాటను మాటగా గుర్తుపట్టించేది హల్లు. ఆమె రెండిటినీ వదల్లేదు. ఇక దేవదాసు (1953)లో అక్కినేని. మత్తులో ఉన్నవాడు తడబడాలని ప్రయత్నించడు, సరిగ్గా మాట్లాడాలని ప్రయత్నిస్తాడు. నాలుక సహకరించదు. ఆ ప్రయత్నం వినిపించినందువల్లే దేవదాసు మీద జాలి పుట్టింది. తడబాటును మాత్రమే అనుకరించిన తాగుబోతు వేషాలకు నవ్వొచ్చింది, అంతే.

అద్దె గొంతులు

శ్రీశ్రీ మాటలు, పాటలు రాసిన ఆహుతి (1950) తెలుగులో తొలి డబ్బింగ్ సినిమా. అప్పటినుంచి డబ్బింగ్ ఒక వృత్తిగా ఎదిగింది. పరభాషా నటుడి పెదవులు మూసుకున్న చోట మన మాటలోనూ ప, బ, మ లాంటి అక్షరం పడాలి. తమిళంలో చాలా మాటలు హల్లుతో ముగుస్తాయి, నోరు మూసుకుపోతుంది. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది, నోరు తెరుచుకునే ఉంటుంది. ఆ ఆఖరి అచ్చును ఎక్కడ దాచాలన్నది రాసేవారికీ చెప్పేవారికీ రోజూ ఎదురయ్యే చిక్కు. దాచబోయి మింగేసే అలవాటు అక్కడా పెరిగింది.

ఈ వృత్తిలో ఉన్నవాళ్ల నైపుణ్యానికి దండం పెట్టాలి. సాయికుమార్ గొంతు లేకుండా రాజశేఖర్‌ను ఊహించలేని తరం ఒకటుంది. సరిత ఎందరో కథానాయికలకు ప్రాణం పోశారు. అన్నమయ్య (1997)లో సుమన్ వేసిన వేంకటేశ్వరుడికి ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతు ఇచ్చారు. పాటలో శ్రుతి తెలిసినవాడు మాటలో ప్రశాంతతను ఎంత పల్చగా పరచగలడో అందులో వినొచ్చు. అరుంధతి (2009)లో సోనూ సూద్ వేసిన అఘోరా పాత్రకు రవిశంకర్ ఇచ్చిన గొంతు ఎంతగా నాటుకుందంటే ఆయన పేరుకు ముందు ఆ సినిమా పిలుపే ఇంటిపేరుగా చేరిపోయింది. చిన్నగది, ఎదురుగా తెర, చెవులకు హెడ్‌ఫోన్లు. ఆ చిన్నగదిలో నిలబడి పరుగెత్తిన ఆయాసం, కొట్లాట, మరణం అన్నీ గొంతుతోనే పుట్టించాలి.

కానీ నటుడి పక్షాన ఆలోచించినప్పుడు నా మనసు ఒప్పుకోని సంగతి ఒకటుంది. పాత్రకు గొంతు ఇంకొకరు ఇస్తారని ముందే తెలిసిన నటుడు సెట్లో మాటను పూర్తిగా అనడు. పెదవులు కదిలిస్తాడు. మాట పూర్తిగా అననప్పుడు ఊపిరి కదలదు, ఊపిరి కదలనప్పుడు భుజాలు, మెడ, కళ్లు కూడా నిజం చెప్పవు. గొంతు అద్దెకు తెచ్చుకోవచ్చు, ఊపిరిని తెచ్చుకోలేం. తమిళనాడు నుంచి వచ్చిన సాయిపల్లవి ఫిదా (2017)లో బాన్సువాడ అమ్మాయి యాసను నేర్చుకుని తన గొంతే ఇచ్చింది. ఆ భానుమతి పాత్ర జనాన్ని అంతగా పట్టుకోవడానికి అది ముఖ్యమైన కారణం. మహానటి (2018)లో కీర్తి సురేశ్ కూడా తన డబ్బింగ్ తనే చెప్పుకుంది. నేర్చుకుంటే వస్తుంది. ‘మాకు తెలుగు రాదు కదా’ అన్న సాకు ఇప్పుడు నిలవదు.

యాస గురించి ఇంకో మాట. చాలాకాలం మన సినిమాల్లో తెలంగాణ పలుకు రౌడీకో హాస్యగాడికో మాత్రమే దక్కింది. ఉత్తరాంధ్ర పలుకును నవ్వించడానికి వాడుకున్నారు. సీమ పలుకంటే కత్తులు, సుమోలు. దాంతో ఆ ఊళ్ల నుంచి వచ్చిన నటుడు మొదట చేసిన పని తన గొంతును దాచుకోవడం. దాచుకున్న గొంతులో సగం బలం పోతుంది. మనం ఏడ్చినా, కోప్పడినా, ఉలిక్కిపడినా బయటికి వచ్చేది ఇంటి పలుకే కనుక. కేరాఫ్ కంచరపాలెం (2018)లో విశాఖ మనుషులు తమ పలుకుతో మాట్లాడినప్పుడు ఆ మాటల నడకే సినిమాకు సంగీతమయింది. నటుడు అన్ని యాసలూ నేర్చుకోవాలి, నిజమే. ఆ నేర్చుకోవడం తన సొంత యాసను చంపుకోవడంతో మొదలవకూడదు.

గొంతుకు హాని, గొంతుకు మందు

నాటకాల గ్రీన్‌రూముల్లో మిరియాల పాలు, పటికబెల్లం, లవంగం, శొంఠి తిరుగుతుంటాయి. వాటి వల్ల హాయిగా ఉంటే తీసుకోండి. అయితే మింగినదేదీ స్వరతంత్రులను తాకదు. అది అన్నవాహికలోకి పోతుంది, తంత్రులు శ్వాసనాళం వైపు ఉంటాయి. తంత్రులకు తేమ అందేది ఒంట్లో చాలినంత నీళ్లున్నప్పుడే. ఆవిరి పట్టినప్పుడు మాత్రం తేమ నేరుగా చేరుతుంది.

గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. బలంగా చేసే గుసగుస తంత్రులను ఇంకా బిగిస్తుంది. అస్తమానం గొంతు సవరించుకోవడమూ వాటిని రాపిడి పెట్టడమే. ఎడతెగని అరుపుల వల్ల తంత్రుల మీద చిన్న బొడిపెలు వస్తాయి. తొలిదశలో చూపించుకుంటే చాలామందికి విశ్రాంతితో, పలుకు చికిత్సతో తగ్గిపోతాయి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. బేస్ వాయిస్ కోసం గొంతును కిందికి తొక్కి మాట్లాడే కుర్రవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. ఎవరి స్వరపేటిక కొలత వారిది. దాన్ని బలవంతంగా మార్చితే బరువు రాదు, గరగర వస్తుంది.

ఇంట్లో, రిహార్సల్లో

మన వర్ణమాలే మంచి కసరత్తు. క వర్గం నోటి వెనక పుడుతుంది, చ వర్గం అంగిలి దగ్గర, ట వర్గం నాలుక మడిచి, త వర్గం పళ్ల దగ్గర, ప వర్గం పెదవుల మీద. గుణింతం మొత్తం నిదానంగా, అచ్చులను పూర్తిగా తెరిచి చదివితే నోట్లో కదలని కండరం ఉండదు. చిన్నప్పుడు బడిలో అరిచి చదివిన గుణింతాన్ని ఇప్పుడు అరవకుండా చదవాలి. ముందు పెదవులు మూసి ‘మ్’ అని మోగించి, ముక్కు పక్కన కంపనం తగిలాక మొదలుపెట్టండి. దానికీ ముందు వెల్లకిలా పడుకుని పొట్ట మీద ఒక పుస్తకం పెట్టుకోండి. ఊపిరికి పుస్తకం లేవాలి. ‘స్...’ అంటూ గాలి వదలండి. శబ్దం ఎక్కడా వణక్కుండా 20 సెకన్లు నిలిస్తే ఊపిరి మీ చేతికొచ్చినట్టు. తర్వాత ఆ సమయాన్ని నెమ్మదిగా పెంచుకోవచ్చు.

డైలాగును వెనక నుంచి కట్టండి. ‘రాను’ అని ఒక్కటే పలకండి. ‘నేను రాను’ అనండి. ‘ఆ ఇంటికి నేను రాను’ అనండి. ప్రతిసారీ ‘రాను’ మొదట పలికినంత స్పష్టంగా ఉండాలి. నాలుగైదు రోజులు ఇలా చేస్తే ఊపిరి దానంతటదే వాక్యం చివర్న చోటు వెతుక్కుంటుంది. ఆ తర్వాత స్క్రిప్టులో పెన్సిలుతో ఊపిరి తీసే చోట గీత పెట్టుకోండి. ఆ గీత అర్థం ఆగిన చోట పడాలి.

దర్శకులకు ఒక పని. రిహార్సల్లో ఒక పూట వేదిక ముందు కుర్చీ వదిలేసి హాలు చివరి వరసకు వెళ్లండి. వేదికకు వీపు పెట్టి కూర్చోండి. నటులు కాలర్ మైకులు తీసేయాలి, వేలాడే మైకులు ఆపేయాలి. ఏ వాక్యం చివరి అక్షరం అందకపోతే ఆ క్షణాన చెయ్యెత్తండి. నటుడు ఆ వాక్యాన్ని మళ్లీ అంటాడు, గొంతు పెంచకుండా. అందకపోతే మళ్లీ చెయ్యెత్తండి. మొదటి వారం సన్నివేశం ముందుకు కదలదు, అందరికీ చికాకు పుడుతుంది. రెండో వారంలో నటులే ఒకరి వాక్యాల చివర్లు ఒకరు వినడం మొదలుపెడతారు. ఎదుటివాడి మాట పూర్తిగా విన్నాకే తన మాట ఎత్తుకుంటారు.